డెబియన్ సర్వర్‌లో నాలుగు 8 టీబీ డిస్కులు: రెయిడ్ 5, 6, 10లో ఏది నయం? బూట్ డిస్కుల సంగతేంటి?

పాతపుటలు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. పాత తెలుగు పత్రికలు, పుస్తకాలు స్కాన్ చేసి దాచే ఓ చిన్న లైబ్రరీకి సర్వర్ సిద్ధం చేస్తున్నాం. సెకండ్ హ్యాండ్ టవర్ సర్వర్, 16 జీబీ ఈసీసీ ర్యామ్, బోర్డు మీదే ఆరు సాటా పోర్టులు. 240 జీబీ ఎస్ఎస్‌డీలు రెండు, 8 టీబీ నాస్ డిస్కులు నాలుగు కొత్తవి కొన్నాం. డెబియన్ 12 వేస్తాం. సర్వర్‌తో పాటు ఓ పాత రెయిడ్ కార్డు (డిస్కు పోయినా డేటా ఉండేలా కొన్ని డిస్కుల్ని ఒకటిగా కలిపి నడిపేది) కూడా వచ్చింది. అమ్మినాయన దాని మీదే రెయిడ్ 5 పెట్టుకోమంటున్నాడు.

ఏ4 పేజీని 600 డీపీఐ కలర్‌లో, కంప్రెషన్ లేని టిఫ్‌గా తీస్తే ఫైలు సుమారు 104 ఎంబీ వస్తోంది. ఇప్పటికి దాదాపు 9 టీబీ యూఎస్‌బీ డిస్కుల్లో చెల్లాచెదురుగా ఉంది. మూడు స్కానింగ్ సిస్టమ్‌ల నుంచి సాంబా షేర్‌లోకి (నెట్‌వర్క్‌లో అందరూ వాడే ఫోల్డర్), గిగాబిట్ స్విచ్ మీదుగా రాస్తాం. ఐదో డిస్కుకి ప్రస్తుతానికి డబ్బుల్లేవు.

ఏ లెవెల్ పెట్టాలి? కార్డు వాడాలా, లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ చాలా? ఒక ఎస్ఎస్‌డీ పోయినా సర్వర్ బూట్ అవ్వాలంటే ఏం చేయాలి?

---

బ్లాక్‌డివైస్ జవాబు:

రెయిడ్ 6 పెట్టండి, కార్డు తీసేయండి. కారణాలు చెప్తాను.

ముందు కార్డు సంగతి. అది డిస్కుల మీద తన సొంత ఫార్మాట్‌లో వివరాలు రాసుకుంటుంది. రేపు ఆ కార్డు చచ్చిపోతే అదే రకం ఇంకోటి దొరికేదాకా డేటా మీ చేతిలో ఉండదు. పాత కార్డయితే దాని బ్యాటరీ కూడా ఈపాటికి అయిపోయే ఉంటుంది. బ్యాటరీ లేకపోతే రైట్ క్యాష్ ఆగిపోయి స్పీడు పడిపోతుంది. లేదా ఎవరో బలవంతంగా ఆన్ చేసి ఉంటే కరెంటు పోయిన క్షణాన క్యాష్‌లో ఉన్నదంతా పోతుంది. లైనక్స్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్ రెయిడ్ ఎండీకి ఈ బాధ లేదు. నాలుగు డిస్కులూ తీసి లైనక్స్ ఉన్న ఏ మెషీన్‌కి తగిలించినా అర్రే (కలిపిన డిస్కుల గుంపు) లేచి కూర్చుంటుంది. బయోస్‌లో సాటా మోడ్ కూడా రెయిడ్ అని కాకుండా ఏహెచ్‌సీఐ అని ఉండేలా చూడండి.

ఇక లెవెల్. నాలుగు డిస్కులతో రెయిడ్ 5కి 24 టీబీ, రెయిడ్ 6కి 16, రెయిడ్ 10కి కూడా 16 వస్తాయి. 5లో ఒక డిస్కు పోతే మిగతా మూడింటినీ మొదటి నుంచి చివరిదాకా, అంటే 24 టీబీ చదివితేగానీ కొత్త డిస్కు నిండదు. సెకనుకి 150 ఎంబీ చొప్పున 8 టీబీ నింపడానికి 15 గంటలు. ఆ 15 గంటలూ మీకు ఏ రక్షణా ఉండదు. మామూలు డిస్కుల స్పెసిఫికేషన్‌లో 100 లక్షల కోట్ల బిట్లకి, అంటే 12.5 టీబీకి, చదవలేని సెక్టార్ ఒకటి మించదని రాస్తారు. అది తయారీదారు ఇచ్చే పైహద్దు. నిజంలో డిస్కులు అంతకన్నా చాలా బాగానే చదువుతాయి. కానీ రెండో ప్యారిటీ (పోయిన డేటాని తిరిగి లెక్కకట్టడానికి దాచే అదనపు సమాచారం) లేనప్పుడు అలాంటి సెక్టార్ ఒక్కటి తగిలినా ఆ చోట డేటాని తిరిగి లెక్కకట్టే దారి ఉండదు.

6కీ 10కీ మధ్య తేడా ఇది. 6లో ఏ రెండు పోయినా డేటా ఉంటుంది. 10లో ఒకటి పోయాక మిగిలిన మూడింట్లో దాని జోడీ పోయిందా, అంతే. 10కి ఉన్న గొప్పతనం చిన్నచిన్న రాతల స్పీడు, డేటాబేస్‌కి అది కావాలి. మీ పని 104 ఎంబీ ఫైళ్లు వరసగా రాయడం. అదీ గిగాబిట్ నెట్‌వర్క్ మీద, సెకనుకి 110 ఎంబీ దాటదు. నాలుగు డిస్కుల రెయిడ్ 6 దానికి సరిపోతుంది. స్పీడు కోసం భద్రత వదులుకునే అవసరం మీకు లేదు.

డిస్కులు పెట్టే ముందు రెండు పరీక్షలు. ఒకటి, మోడల్ నంబర్ తీసుకుని అది సీఎంఆరా (ట్రాకులు విడివిడిగా రాసేది) ఎస్ఎంఆరా (ఒకదాని మీద ఒకటి కొంత పడేలా రాసేది) తయారీదారు జాబితాలో చూడండి. "నాస్ డిస్కు" అని అట్టపెట్టె మీద ఉంటే నమ్మకండి. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్‌లో 2 నుంచి 6 టీబీ దాకా కొన్ని మోడళ్లు ఎస్ఎంఆర్ అని బయటపడ్డాకే సీఎంఆర్‌వాటిని రెడ్ ప్లస్ అని విడదీశారు. ఎస్ఎంఆర్ డిస్కు రీబిల్డ్ మధ్యలో ఆగాగి నడుస్తుంది, ఒక్కోసారి అర్రే దాన్ని బయటికి గెంటేస్తుంది.

రెండు, కొత్త డిస్కు కదా అని నేరుగా వాడకండి. ప్రతిదాని మీదా

స్మార్ట్‌సీటీఎల్ -టీ లాంగ్ /డెవ్/ఎస్‌డీఎక్స్

నడపండి. ఇది డిస్కు తనను తాను చేసుకునే పూర్తి పరీక్ష. ఓపిక ఉంటే బ్యాడ్‌బ్లాక్స్‌ని (చెడ్డ బ్లాకులు వెతికే ప్రోగ్రామ్) రాసే మోడ్‌లో (-డబ్ల్యూఎస్‌వీ) తిప్పండి. 8 టీబీ డిస్కుకి బ్లాక్ సైజు -బీ 4096 అని ఇవ్వకపోతే అది మొదలే కాదు, ఎందుకంటే డిఫాల్ట్ 1024తో బ్లాకుల సంఖ్య 32 బిట్లు దాటిపోతుంది. నాలుగు ప్యాటర్న్‌లు రాసి చదువుతుంది కాబట్టి నాలుగైదు రోజులు పడుతుంది. నాలుగు డిస్కులకీ ఒకేసారి పెట్టేయొచ్చు. ఇది డిస్కు మీదున్నదంతా చెరిపేస్తుందని మర్చిపోకండి.

తర్వాత పార్టిషన్. డిస్కుని మొత్తంగా అర్రేకి ఇవ్వకండి. ఎస్‌జీడిస్క్‌తో ఒకే పార్టిషన్ చేసి, చివర 200 ఎంబీ వదిలేయండి, టైపు ఎఫ్‌డీ00. రెండేళ్ల తర్వాత కొనే వేరే కంపెనీ 8 టీబీ డిస్కు ఇప్పటిదానికన్నా కొన్ని సెక్టార్లు తక్కువ ఉండొచ్చు. అప్పుడు ఒక్క మెగాబైట్ తక్కువైనా ఎండీ దాన్ని తీసుకోదు.

అర్రే తయారు చేయడం:

ఎండీఆడ్మ్ --క్రియేట్ /డెవ్/ఎండీ/డేటా --లెవెల్=6 --రెయిడ్-డివైసెస్=4 --బిట్‌మ్యాప్=ఇంటర్నల్

దీని వెనకాల నాలుగు పార్టిషన్లూ /డెవ్/డిస్క్/బై-ఐడీ పేర్లతో ఇవ్వండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు రీబూట్‌కి మారిపోతాయి, బై-ఐడీలో సీరియల్ నంబర్ ఉంటుంది. వెంటనే మొదటి సింక్ మొదలవుతుంది. టైమ్ కలిసొస్తుందని --అస్యూమ్-క్లీన్ పెట్టకండి, ప్యారిటీ తప్పుగా ఉండిపోతుంది. బిట్‌మ్యాప్ ఉంటే కరెంటు పోయి వచ్చాక మారిన చోట్లు మాత్రమే సింక్ అవుతాయి. లేకపోతే మళ్లీ 15 గంటలు.

ఆ తర్వాత ఎండీఆడ్మ్ --డీటెయిల్ --స్కాన్ ఇచ్చిన లైను /ఈటీసీ/ఎండీఆడ్మ్/ఎండీఆడ్మ్.కాన్ఫ్‌లో చేర్చి, అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ -యూ కొట్టండి. ఇది మర్చిపోతే రీబూట్ తర్వాత అర్రే ఎండీ127 అనే పేరుతో ప్రత్యక్షమవుతుంది. ఫైల్ సిస్టమ్ ఎక్స్ఎఫ్ఎస్ చాలు. స్ట్రైప్ (డిస్కులన్నిటి మీదా పరిచే ఒక్కో వరస) లెక్కలు ఎండీ నుంచి అదే తీసుకుంటుంది. దాన్ని పెంచొచ్చు, తగ్గించలేరు. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో యూయూఐడీతో, నోఫెయిల్ పెట్టి రాయండి.

స్ట్రైప్ క్యాష్‌ని 256 నుంచి 4096కి పెంచితే రాసే స్పీడు బాగా మెరుగవుతుంది. నాలుగు డిస్కులకి 64 ఎంబీ ర్యామ్ తింటుంది, అంతే.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఒకటుంది. అసలు డేటా ఎక్కించక ముందే డిస్కు మార్పిడి ఒకసారి చేసి చూడండి. కొన్ని స్కాన్లు కాపీ చేసి ఎస్‌హెచ్ఏ256 లెక్క (ఫైలు మారిందో లేదో చెప్పే వేలిముద్ర లాంటిది) రాసి పెట్టుకోండి. ఒక డిస్కుని --ఫెయిల్, --రిమూవ్ చేసి, పవర్ ఆఫ్ చేసి నిజంగానే ఊడదీయండి. బూట్ అవుతోందా, షేర్ తెరుచుకుంటోందా, లెక్క సరిపోతోందా చూడండి. తర్వాత ఆ డిస్కుని వైప్‌ఎఫ్ఎస్ -ఏతో తుడిచి, మళ్లీ పార్టిషన్ చేసి --యాడ్ చేయండి. ఏ బేలో ఏ సీరియల్ ఉందో స్టిక్కర్ అంటించండి. డిస్కు పోయిన రోజున కంగారులో బాగున్న డిస్కుని పీకేయడం ఈ పనిలో జరిగే అతి పెద్ద ప్రమాదం.

ఆ యూఎస్‌బీ డిస్కుల్లోని 9 టీబీని మాత్రం చెరపకండి. అదే మీ మొదటి బ్యాకప్.

---

తుంగభద్ర జవాబు:

బ్లాక్‌డివైస్ గారు చెప్పినవన్నీ సరైనవే. కానీ ఇది ఆర్కైవ్. ఏళ్ల తరబడి ఎవరూ తెరవని ఫైళ్లు ఉంటాయి. అందుకే డేటా డిస్కులకి జెడ్ఎఫ్ఎస్ (ఫైల్ సిస్టమ్, రెయిడ్ రెండూ కలిసినది) గురించి కూడా ఆలోచించండి.

ఎండీ నెలకోసారి చెక్ చేసినప్పుడు డేటాకీ ప్యారిటీకీ పొంతన లేకపోతే మిస్‌మ్యాచ్ కౌంట్ అని ఒక అంకె చూపిస్తుంది. తప్పు ఏ డిస్కులో ఉందో చెప్పదు. రిపేర్ అంటే డేటాయే నిజమనుకుని ప్యారిటీ తిరగరాస్తుంది. పాడైంది డేటాయే అయితే ఆ పాడు అలాగే స్థిరపడిపోతుంది. జెడ్ఎఫ్ఎస్ ప్రతి బ్లాకుకీ చెక్‌సమ్ దాస్తుంది. స్క్రబ్‌లో (మొత్తం చదివి సరిచూసేటప్పుడు) తేడా వస్తే ఏ డిస్కు తప్పు చెబుతోందో దానికి తెలుసు, మిగతావాటి నుంచి లెక్కకట్టి అక్కడికక్కడే సరిచేస్తుంది.

జెడ్‌పూల్ క్రియేట్ -ఓ యాషిఫ్ట్=12 (సెక్టార్ సైజు), రెయిడ్‌జెడ్2 (దాని రెయిడ్ 6 లాంటిది), నాలుగు బై-ఐడీ పేర్లు. యాషిఫ్ట్ తర్వాత మార్చలేరు కాబట్టి ఇప్పుడే ఇవ్వండి. స్కాన్లు పెట్టే డేటాసెట్‌కి రికార్డ్‌సైజ్=1ఎం, కంప్రెషన్=ఎల్‌జెడ్4, ఏటైమ్=ఆఫ్. మీ టిఫ్‌లు కంప్రెస్ చేయనివి గనుక ఎల్‌జెడ్4 ఎంతో కొంత చోటు మిగులుస్తుంది, ప్రాసెసర్‌కి అది భారమూ కాదు. 16 జీబీ ర్యామ్ ధారాళంగా సరిపోతుంది. డీడూప్ (ఒకేలాంటి బ్లాకుల్ని ఒక్కసారే దాచడం) మాత్రం ఆన్ చేయకండి. పూల్ 80 శాతం దాటి నింపకండి, దాటితే ఖాళీ చోటు వెతుక్కోవడంలో నెమ్మదిస్తుంది.

ఇంకో లాభం స్నాప్‌షాట్‌లు, అంటే ఒక క్షణాన డేటా ఎలా ఉందో అలా పట్టి ఉంచేవి. స్కానింగ్ సిస్టమ్‌లో ఒకదానికి రాన్సమ్‌వేర్ సోకి సాంబా షేర్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసిందనుకోండి. రెయిడ్ 6 ఆ పాడైన ఫైళ్లనే నమ్మకంగా కాపాడుతుంది. జెడ్ఎఫ్ఎస్‌లో అయితే నిన్నటి స్నాప్‌షాట్‌కి వెనక్కి వెళ్తారు.

ఇబ్బంది కూడా చెప్పాలి. లైసెన్సు కారణంగా డెబియన్‌లో ఇది కెర్నల్‌తో కలిసి రాదు. కాంట్రిబ్ విభాగం నుంచి డీకేఎంఎస్ ప్యాకేజీగా వచ్చి మీ మెషీన్‌లోనే కంపైల్ అవుతుంది. లైనక్స్-హెడర్స్-ఏఎండీ64 ప్యాకేజీ లేకపోతే కెర్నల్ అప్‌డేట్ అయ్యాక మాడ్యూల్ తయారవదు, పూల్ కనబడదు. డేటా ఎక్కడికీ పోదుగానీ చూసినవాళ్లకి గుండె ఆగుతుంది. కెర్నల్ మారిన ప్రతిసారీ రీబూట్‌కి ముందు డీకేఎంఎస్ స్టేటస్ చూసే మనిషి ఉంటేనే దీనికి వెళ్లండి. ఆ మనిషి లేకపోతే ఎండీయే మేలు. బూట్ ఎస్ఎస్‌డీలకి ఎలాగూ ఎండీ రెయిడ్ 1 పెట్టండి.

బీటీఆర్‌ఎఫ్ఎస్ రెయిడ్ 5, 6 జోలికి మాత్రం పోకండి. దాని డాక్యుమెంటేషన్‌లోనే అసలు డేటాకి వాడొద్దని ఉంది.

---

కృష్ణలంక_రూట్ జవాబు:

బూట్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను.

డెబియన్ ఇన్‌స్టాలర్‌లో మాన్యువల్ పార్టిషనింగ్ ఎంచుకుని రెండు ఎస్ఎస్‌డీల మీదా ఒకేలా చేయండి: మొదట 512 ఎంబీ ఈఎస్‌పీ (బూట్ ఫైళ్లు ఉండే పార్టిషన్), మిగిలింది రెయిడ్ పార్టిషన్. రెండు రెయిడ్ పార్టిషన్లతో రెయిడ్ 1, దాని మీద రూట్. బూట్‌కి విడిగా పార్టిషన్ అక్కర్లేదు, గ్రబ్ (డెబియన్ బూట్‌లోడర్) ఎండీ రెయిడ్ 1ని చదవగలదు.

తిరకాసంతా ఈఎస్‌పీలోనే. అది మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్ చదివే ఫ్యాట్ పార్టిషన్, ఫర్మ్‌వేర్‌కి ఎండీ అంటే తెలియదు. మెటాడేటా 1.0తో రెయిడ్ 1 చేస్తే సూపర్‌బ్లాక్ (అర్రే వివరాలు రాసే చోటు) చివర్న ఉంటుంది కాబట్టి పనిచేస్తుంది, చాలామంది అలాగే పెడతారు. కానీ ఫర్మ్‌వేర్ ఎప్పుడైనా ఒక కాపీలోకి నేరుగా ఏదైనా రాస్తే రెండూ తేడా పడతాయి, ఎండీకి ఆ విషయం తెలియదు. కాబట్టి రెండు విడి ఈఎస్‌పీలే మేలు.

ఇన్‌స్టాలర్ మొదటి దాన్నే నింపుతుంది. రెండో దాన్ని ఎంకేఎఫ్ఎస్.వీఫ్యాట్‌తో ఫార్మాట్ చేసి /బూట్/ఈఎఫ్ఐ2 దగ్గర మౌంట్ చేసి, మొదటిదాన్ని ఆర్‌సింక్‌తో మొత్తం కాపీ చేయండి. తర్వాత ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ -సీతో రెండో డిస్కు, పార్టిషన్ 1, లేబుల్ "డెబియన్-రెండు", లోడర్‌గా ఈఎఫ్ఐ ఫోల్డర్‌లోని డెబియన్‌లో ఉన్న షిమ్ ఫైలు ఇచ్చి కొత్త ఎంట్రీ కలపండి. గ్రబ్-ఇన్‌స్టాల్‌కి వేరే బూట్‌లోడర్ ఐడీ ఇచ్చి చేద్దామని అనిపిస్తుంది, చేయకండి. సెక్యూర్ బూట్‌కి సంతకం చేసిన గ్రబ్ "డెబియన్" అనే ఫోల్డర్‌లోనే తన కాన్ఫిగ్ వెతుక్కుంటుంది. గ్రబ్ ప్యాకేజీ అప్‌డేట్ అయినప్పుడల్లా ఆ ఆర్‌సింక్ మళ్లీ నడవాలి, స్క్రిప్ట్‌గా రాసి పెట్టుకోండి.

ఎక్కువమంది తడబడేది ఇంకోచోట. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో /బూట్/ఈఎఫ్ఐ లైనుకి నోఫెయిల్ ఉండదు. మొదటి ఎస్ఎస్‌డీ పోతే రూట్ రెయిడ్ 1 చక్కగానే లేస్తుంది, కానీ ఆ ఈఎస్‌పీ దొరక్క సిస్టమ్‌డీ ఎమర్జెన్సీ మోడ్‌లోకి పడేస్తుంది. రెండు ఈఎస్‌పీ లైన్లకీ నోఫెయిల్ రాయండి. తర్వాత పవర్ ఆఫ్ చేసి మొదటి ఎస్ఎస్‌డీ కేబుల్ తీసి బూట్ చేయండి, సింక్ పూర్తయ్యాక రెండోది తీసి చేయండి. ఒక డిస్కు లేనప్పుడు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ కాసేపు ఎదురుచూస్తుంది, హ్యాంగ్ అయిందని రీసెట్ నొక్కకండి.

---

పాతపుటలు:

అందరికీ చాలా థాంక్సండీ. కెర్నల్ అప్‌డేట్లు కనిపెట్టుకుని ఉండే మనిషి మాకు లేరు కాబట్టి ఎండీ రెయిడ్ 6కే వెళ్లాం. బూట్ రెండు వైపులా పరీక్షించాం, పనిచేసింది. డిస్కుల లాంగ్ టెస్టులన్నీ పాస్ అయ్యాయి. కానీ మొదటి సింక్ 40 శాతం దగ్గర ఒక డిస్కు పడిపోయింది. /ప్రాక్/ఎండీస్టాట్‌లో ఇప్పుడు [యూయూ_యూ] అని, అంటే నాలుగింట్లో ఒకటి లేదని ఉంది. డీమెసేజ్‌లో ఆ పోర్టుకి "హార్డ్ రీసెట్టింగ్ లింక్" అని వరసగా వస్తోంది. స్మార్ట్‌లో (డిస్కు తన ఆరోగ్యం గురించి ఉంచుకునే లెక్కలు) 5, 197, 198 సున్నా, 199 మాత్రం 214. డిస్కు వెనక్కి ఇచ్చేయాలా?

---

బ్లాక్‌డివైస్:

ఇప్పుడే ఇవ్వకండి. 5, 197, 198 డిస్కు పళ్లెం ఆరోగ్యం గురించి చెప్తాయి, అవి సున్నా. 199 అంటే డిస్కుకీ బోర్డుకీ మధ్య దారిలో డేటా చెడిపోవడం. అంటే కేబుల్, కనెక్టర్, లేదా పవర్. ముందు సాటా కేబుల్ మార్చండి, లాక్ క్లిప్ ఉన్నది వేయండి, బోర్డు మీద వేరే పోర్టుకి పెట్టండి.

పవర్ ఎలా ఇచ్చారో కూడా చూడండి. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టినప్పుడు 12 వోల్టుల మీద 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, నాలుగూ ఒక్కసారే లేస్తే దాదాపు 100 వాట్లు. ఒకే స్ప్లిటర్ మీద నాలుగూ వేలాడుతుంటే వోల్టేజ్ పడిపోయి లింక్ రీసెట్ అవుతుంది. మోలెక్స్ నుంచి సాటాకి మార్చే స్ప్లిటర్లలో ప్లాస్టిక్ అచ్చు పోసిన రకం వాడుతుంటే ఈరోజే తీసేయండి. లోపల వైర్లు ఒకదానికొకటి తగిలి కాలిపోయే రకం అది. వైర్లు నొక్కి బిగించే కనెక్టర్ ఉన్నవి తీసుకోండి.

199 అంకె ఎప్పటికీ తగ్గదు, అది మొత్తం లెక్క. కేబుల్ మార్చాక 214 దగ్గరే ఆగిందా, పెరుగుతోందా అన్నదే చూడాలి. ఆగితే ఆ పార్టిషన్‌ని --రీ-యాడ్ చేయండి, ఒప్పుకోకపోతే --జీరో-సూపర్‌బ్లాక్ చేసి --యాడ్. కేబుల్, పోర్టు మార్చినా ఆ డిస్కుకే పెరుగుతుంటే అప్పుడు వారంటీకి పంపండి.

ఒక హెచ్చరిక, మీకోసమే కాదు, ఇది చదివే అందరికీ. రెండు మూడు డిస్కులు ఒకేసారి పడిపోయి అర్రే లేవకపోతే, ఎక్కడో చదివి --క్రియేట్ మళ్లీ కొట్టకండి. డిస్కుల వరస మారినా, డేటా ఆఫ్‌సెట్ మారినా పాత డేటా మీద కొత్త ప్యారిటీ పడుతుంది. ముందు ప్రతి డిస్కుకీ --ఎగ్జామిన్ కొట్టి ఈవెంట్స్ సంఖ్య రాసుకోండి. అవి దగ్గరదగ్గరగా ఉంటే --అసెంబుల్ --ఫోర్స్ చాలాసార్లు లేపుతుంది.

---

కృష్ణలంక_రూట్:

సింక్ అయ్యేలోపు ఈ రెండూ పెట్టేయండి. డిస్కు పడిపోయిన సంగతి ఈసారి మీరు స్క్రీన్ ముందు ఉన్నారు కాబట్టి తెలిసింది.

ఎండీఆడ్మ్.కాన్ఫ్‌లో మెయిల్ఆడ్ర్ లైనులో మీ మెయిల్ రాసి, ఎండీఆడ్మ్ --మానిటర్ --స్కాన్ --వన్‌షాట్ --టెస్ట్ కొట్టండి. అర్రేకి ఒక్కో పరీక్ష మెయిల్ రావాలి. రాకపోతే మెయిల్ పంపే ప్రోగ్రామ్ సరిగ్గా లేదన్నమాట. స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి. స్మార్ట్‌డీలో షార్ట్ టెస్ట్ రోజూ రాత్రి 2కి, లాంగ్ టెస్ట్ ప్రతి నెలా 15న 3కి పెట్టండి. డెబియన్ తనంతట తాను నెలలో మొదటి ఆదివారం అర్రే మొత్తం చెక్ చేస్తుంది, రెండూ ఒకేరోజు పడితే డిస్కులు ఊపిరాడక నెమ్మదిస్తాయి.

స్మార్ట్‌సీటీఎల్ -ఎల్ ఎస్‌సీటీఈఆర్‌సీ కూడా ఒకసారి చూడండి. నాస్ డిస్కుల్లో 70 అని ఉండాలి, అంటే చెడ్డ సెక్టార్‌ని 7 సెకన్లకే వదిలేస్తుంది. అది లేని డెస్క్‌టాప్ డిస్కు చెడ్డ సెక్టార్ దగ్గర నిమిషాల తరబడి పెనుగులాడుతుంది. కెర్నల్ మాత్రం 30 సెకన్లకే విసిగి డిస్కుని రీసెట్ చేసేస్తుంది. తర్వాత ఎప్పుడైనా అలాంటి డిస్కు పెట్టాల్సి వస్తే /సిస్/బ్లాక్ కింద ఆ డిస్కు టైమౌట్‌ని 180కి పెంచండి. రీబూట్‌కి పోతుంది, యూడెవ్ రూల్‌గా రాయాలి.

యూపీఎస్ ఉంటే దాని యూఎస్‌బీ కేబుల్ కూడా సర్వర్‌కి పెట్టి నట్ (యూపీఎస్‌ని కనిపెట్టుకుని ఉండే) ప్యాకేజీ వేయండి. బ్యాటరీ అడుగంటేలోపు సర్వర్ తనే పద్ధతిగా ఆగిపోవాలి. రెయిడ్ 6లో డేటా రాసి ప్యారిటీ రాసేలోపు కరెంటు పోతే ఆ స్ట్రైప్ తేడాగా మిగులుతుంది. డిస్కులన్నీ బాగుంటే రీబూట్ తర్వాతి సింక్ దాన్ని సరిచేస్తుంది. అప్పటికే ఒక డిస్కు లేకపోతే ఆ పూచీ లేదు.

---

పాతపుటలు:

స్ప్లిటర్ అచ్చు పోసిన రకమే, నాలుగు డిస్కులూ దాని మీదే ఉన్నాయి. తీసేసి పవర్ సప్లై నుంచి రెండు వేర్వేరు వైర్లకి రెండేసి డిస్కులు పెట్టాం, సాటా కేబుల్ కూడా మార్చాం. 199 అంకె 214 దగ్గరే ఉంది, సింక్ 70 శాతం దాటింది. పరీక్ష మెయిల్ స్పామ్‌లో దొరికింది.